వయ్యారిభామకు సాఫ్ట్‌వేర్ వెతికిన ఏడాది

1988. నరసరావుపేటలో మల్లమ్మ సెంటర్‌కి దగ్గర్లో, ఒక ఎరువుల కొట్టు పైనున్న మేడ గదిలో నా కంప్యూటర్ సెంటర్ ఉండేది. సెంటర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక పీసీ, ఒక ప్రింటర్, కరెంటు పోటును అదుపులో పెట్టడానికి ఒక స్టెబిలైజరు, నాలుగు కుర్చీలు. కింద మెట్ల దగ్గరే చెప్పులు విడిచి రావాలి. దుమ్ము పడకూడదని నేను పెట్టిన నియమం అది. వచ్చినవాళ్లు మాత్రం గుడికొచ్చినట్టు భక్తిగా వచ్చేవాళ్లు. ఒకాయన స్క్రీనుకి దణ్ణం పెట్టుకుని మరీ కూర్చున్నాడు.

మా నాన్నది రేడియోలు బాగుచేసే షాపు. నేను హైదరాబాదు వెళ్లి కంప్యూటర్ కోర్సు చేసి, అప్పోసప్పో చేసి పెట్టె తెచ్చి పెడితే, ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పాట రాదు, వార్తలు రావు. ఇదెందుకురా?" అన్నాడు. ఊళ్లో సగం మందిది అదే మాట. చుట్టుపక్కల పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులు కాబట్టి పత్తి సీజనులో గాలంతా నూగే. ఆ నూగు ఫ్లాపీ డ్రైవులో చేరేది. ఫ్లాపీ అంటే ఇప్పటి పిల్లలకు చెప్పాలి: అట్టముక్కలాంటి పల్చటి నల్ల డిస్కు, మా ప్రోగ్రాములన్నీ అందులోనే ఉండేవి. రోజూ పొద్దున్నే దూది, స్పిరిటు పెట్టి డ్రైవు తుడవడంతో నా దినచర్య మొదలయ్యేది. మిల్లుల జీతాల పట్టీలు వేసి, పిల్లలకు బేసిక్ క్లాసులు చెప్పి ఎలాగో నెట్టుకొస్తున్నాను.

ఆ ఏడు జూలైలో ఒక మధ్యాహ్నం సుజాత మేడమ్ వచ్చింది. అంత ఉక్కలో మోచేతులు దాటిన చేతుల రవిక, మెడ చుట్టూ నూలు గుడ్డ. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే అడిగింది.

"రఫీ అంటే నువ్వేనా? జనాభా లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ ఉందా నీ దగ్గర?"

"ఏ ఊరి జనాభా మేడమ్? ఎలక్షన్ పనా?"

"ఓట్లు లేని జనాభా బాబూ. మొక్కలు."

ఆవిడ కాలేజీలో బోటనీ లెక్చరరు. ఉద్యోగం చేసుకుంటూ ఆరేళ్లుగా వయ్యారిభామ అనే కలుపు మొక్క మీద పీహెచ్‌డీ చేస్తోంది. మాచిపత్రి లాంటి ఆకు, చిట్టి చిట్టి తెల్లపూలు, చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. చేలో దిగితే మాత్రం సర్వనాశనం. తగిలితే దురద, పీలిస్తే తుమ్ములు. ఆరేళ్లు దాని మధ్య కూర్చుని లెక్కపెట్టీ లెక్కపెట్టీ ఆవిడ ఒంటికి ఆ మొక్క పడకుండా పోయింది. ఆ గుడ్డలూ, ఆ నిండు చేతులూ అందుకే.

పాప్యులేషన్ డైనమిక్స్ అనే మాట నేను ఆవిడ నోటే మొదటిసారి విన్నాను. ఒక చెలకలో ఎన్ని మొలిచాయి, వాటిలో ఎన్ని చచ్చాయి, ఎన్ని పూతకొచ్చాయి, ఎన్ని గింజలు రాల్చాయి, మళ్లీ వానకు ఎన్ని లేచాయి. ఈ రాకపోకల లెక్కే అది. ఆ లెక్కను నియమాలుగా రాసి కంప్యూటర్‌కిస్తే ఐదేళ్లకో పదేళ్లకో ఆ చేను ఏమవుతుందో చెబుతుంది. దాన్నే మోడలింగ్ అంటారు. మేడమ్ దగ్గర లెక్కలన్నీ ఉన్నాయి. మోడల్ ఒక్కటే లేదు.

"డిసెంబర్ దాటితే నా రిజిస్ట్రేషన్ చచ్చిపోతుంది రఫీ. ఒకసారి పొడిగించారు, ఇంక పొడిగించరు. మా ప్రొఫెసర్ గారు కూడా డిసెంబర్లోనే రిటైరవుతున్నారు. ఇప్పుడు కాకపోతే ఇంక లేదు. ఆరేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే."

నా దగ్గర అప్పటికి మూడు దారులున్నాయి. మొదటిది, యూనివర్సిటీలోని పెద్ద కంప్యూటర్‌లో ఫోర్ట్రాన్ ప్రోగ్రాం రాయించుకోవడం. దానికి క్యూలో నిలబడి వంతు వచ్చేసరికి ఆవిడా రిటైరవుతుంది. రెండోది, ప్రొఫెసర్ గారి పాత శిష్యుడెవరో విదేశం నుంచి పంపితే, ఆయన మేడమ్‌కిచ్చి పంపిన రెండు ఫ్లాపీల ప్యాకేజీ. ఇలాంటి పనికే తయారుచేసింది. అంకెలు పోస్తే చాలు, గీత గీసి ఇస్తుంది. మూడోది, నేను మిల్లుల జీతాలు వేసే స్ప్రెడ్‌షీట్. గళ్ల కాగితంలా స్క్రీను నిండా గళ్లు, ఒక గడిలో అంకె మారితే దానిమీద ఆధారపడ్డ గళ్లన్నీ వాటంతటవే మారతాయి.

నేను చటుక్కున ప్యాకేజీకే ఓటేశాను. విదేశీ సరుకు, ప్రొఫెసర్ గారు పంపింది, ఆపైన గ్రాఫ్ అందంగా వేస్తుంది. ఇంకేం కావాలి?

ఆవిడ అంకెలు చదువుతుంటే నేను కొట్టాను. ప్రింటరు కీచుకీచుమంటూ గ్రాఫ్ వేసింది. కింద నుంచి మెల్లగా లేచి, నిటారుగా ఎక్కి, పైన చదునుగా సర్దుకున్న ఒక్క గీత. చేనులో వయ్యారిభామ ఎంత దాకా పెరగగలదో ఆ పై హద్దు కూడా ప్రింటయింది. మర్నాడే ప్రొఫెసర్ గారికి బస్సులో పంపితే, కాలేజీకి ట్రంక్ కాల్ చేసి మరీ మెచ్చుకున్నారట. పనైపోయిందని నేను చంకలు గుద్దుకున్నాను.

రెండు రోజుల తర్వాత మేడమ్ గ్రాఫ్ పట్టుకుని తిరిగొచ్చింది.

"ఎనభై ఆరు సెప్టెంబరు ఏది ఇందులో?"

ఆ నెల ఆవిడ వెళ్లేసరికి చేలో మొక్కలు దాదాపు లేవు. ఆ ఏడు వానలు సరిగా లేవు కాబట్టి ఎండకు మాడిపోయాయనుకుని అంకె రాసుకుంది. ప్యాకేజీ మాత్రం ఆ అంకెను మింగేసింది. ప్యాకేజీతో వచ్చిన పుస్తకం చూసి చెప్పాను.

"మిగతావాటితో కలవని అంకె ఉంటే ఇది పక్కన పెట్టేస్తుంది మేడమ్. మంచిదేగా, గీత నున్నగా వస్తుంది."

"ఎండలో గొంతుక్కూర్చుని లెక్కపెట్టింది నేను. పక్కన పెట్టడానికి ఇదెవరు? ఎట్లా పెట్టిందో లోపల చూపించు."

"లోపల చూడలేం మేడమ్. మూసేసి ఇచ్చారు."

"అయితే నాకొద్దు. ఆ గళ్లది తీయి."

"అయ్యో, దాంట్లో మిల్లు కూలీల జీతాలు వేస్తాను మేడమ్. పీహెచ్‌డీ ఎట్టా వేసేది?"

"కూలీలు ఎంతమంది వచ్చారు, ఎంతమంది మానేశారు, మళ్లీ ఎంతమంది చేరారు, అంతేగా నువ్వు వేసేది? నా మొక్కలూ అంతే. తీయి."

ఒప్పుకోక చస్తానా! మొలకలకొక వరస, నేలకు పరుచుకున్న పిల్ల మొక్కలకొక వరస, పూతకొచ్చినవాటికొకటి, మట్టిలో ఉన్న గింజలకొకటి. అడ్డంగా నెలలు. ఒక్కో గడికి సూత్రం ఆవిడ చెబితే నేను రాశాను. కరెంటు పోయినప్పుడల్లా చేసిందంతా గంగలో కలిసేది. "సేవ్ చేశావా?" అన్న మాట ఆవిడకు ఊతపదమైపోయింది. కాలేజీ నుంచి రోజూ సాయంత్రం వచ్చేది, వచ్చేటప్పుడు వేయించిన వేరుశనగకాయలు తెచ్చేది. నా జీవితంలో పని అంత సరదాగా సాగిన రోజులు మళ్లీ రాలేదు. ఆవిడ తిట్టినా బాగుండేది.

అన్ని గళ్లూ నిండాక ఒక్క గడి మొండికేసింది. ఎనభై ఆరు నవంబరు. గింజల్లో ఎన్నోవంతు మొలిచాయో చెప్పే గడి అది. నూటికి ఇరవయ్యో ముప్ఫయ్యో రావాల్సిన చోట నూరు దాటి ఎక్కడికో పోయింది. అంటే ఉన్న గింజలకన్నా లేచిన మొలకలు ఎక్కువ! పాత గింజలన్నీ కలిపినా చాలలేదు. ఒక గింజకు ఒక మొక్కే కదా మొలిచేది. నా సూత్రంలోనే తప్పుందేమోనని మళ్లీ మళ్లీ చూశాను. లేదు. ఆవిడ అంకెలు చూసుకుంది. అవీ సరిగానే ఉన్నాయి.

"తల్లులు లేకుండా ఇంతమంది పిల్లలు ఎక్కడి నుంచి వచ్చారు రఫీ?" అంది మేడమ్.

అప్పటికి అక్టోబరు వచ్చేసింది. ప్రొఫెసర్ గారికి ఫోన్ చేస్తే ఆయన విసుక్కున్నారు. ప్యాకేజీ గ్రాఫ్ బాగుంది కదా, అది పెట్టి సబ్‌మిట్ చేయమన్నారు. నా మాటా అదే. మేడమ్ మాత్రం, "చేను చూసొద్దాం పద. నీకూ తెలియాలి దేని లెక్క కడుతున్నావో," అంది.

చేను క్రోసూరు దగ్గర. ఆవిడ మేనమామ యోహాను గారిది. చిన్నప్పుడే తండ్రి పోతే మేడమ్‌ని పెంచి చదివించింది ఆయనే. పీహెచ్‌డీకి స్థలం కావాలంటే, చెలకలో ఒక ముక్క సాగు చేయకుండా బీడుగా వదిలేశాడు. అందులో నాలుగు మూలలా మేకులు కొట్టి గళ్లుగా చేసుకుని, మేడమ్ ఆ గళ్లలోనే లెక్కపెట్టేది. ఆదివారం ప్రార్థన అయ్యే వేళకు సత్తెనపల్లి మీదుగా బస్సులో చేరాం. ఆయన తెల్లటి పంచెతో వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"రా అబ్బాయ్. సాయిబుల పిల్లోడు వస్తన్నాడని సుజాత కబురు పెట్టింది. కోడిని మీవోళ్ల చేతనే కోయిచ్చాలే, అనుమానం పెట్టుకోకుండా తిను."

ముక్కూమొహం తెలియని నా కోసం అంత ముందుగా ఆలోచించిన మనిషి ఆయన.

భోజనానికి ముందే చేలోకి వెళ్లాం. మొక్కలు నడుము దాకా ఉన్నాయి. మేడమ్ గుడ్డ ముక్కుకు కట్టుకుని గళ్ల మధ్య తిరుగుతూ, తనలో తను అనుకుంటున్నట్టు అంది. "ఎనభై ఆరులో ఎండకు మాడినయ్యే, మళ్లీ అన్ని ఎట్లా లేచినయ్యో అర్థం కావట్లేదు మావయ్యా."

"ఎండకు మాడటమేంది? ఆ ఏడు నేనే పీకిచ్చా గదమ్మా!"

మేడమ్ చప్పున ఆయన వైపు తిరిగింది.

"నీ మొఖమంతా వాచి మంచాన పడ్డావని తెలిసింది. ఆగస్టు లెక్కకు రానే లేదు నువ్వు. మళ్లీ లెక్కకు వస్తావు, ఆ దరిద్రప్పూత మధ్య కూకుంటావు, మళ్లీ వాస్తది. చూత్తా ఎట్టా ఊరుకుండేది? కూలోళ్లని పెట్టి శుభ్రంగా పీకిచ్చి అవతల పోసి తగలబెట్టిచ్చా. చానా కష్టపడ్డారు పాపం, బట్టల నిండా గింజలే రాలినయ్యి." ఆయన ఎంతో జాగ్రత్త తీసుకున్నవాడిలా చెప్పాడు. "మేకులు మాత్రం ముట్టుకోలా. నువ్వు ముట్టుకోవద్దన్నావు గదా."

నవ్వాలో ఏడవాలో తెలియని స్థితి అంటే అదే. మేకులు కదపవద్దని చెప్పింది గాని, మొక్కలు పీకవద్దని ప్రత్యేకంగా చెప్పాలని ఆవిడకు తట్టనే లేదు. చుట్టం వస్తుంటే మనవైపు వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లుతారు. ఆయనా అదే చేశాడు. చేసినదాన్ని చెప్పుకోవడం గొప్పలకు పోయినట్టుంటుందని చెప్పలేదు. ఒక జల్లు పడి నేల సర్దుకున్నాక, సెప్టెంబరులో ఈవిడ వచ్చి బోడి నేల చూసి ఎండ మీదికి నెట్టేసింది.

"తప్పయిందా అమ్మా?" అన్నాడాయన, మా మొహాలు చూసి.

"లేదు మావయ్యా. పద, ఆకలేస్తోంది," అంది మేడమ్, నవ్వు తెచ్చిపెట్టుకుని.

భోజనం కాగానే తిరుగు బస్సెక్కాం. సత్తెనపల్లి దాటాక ఆవిడ అంది. "చెబితే ప్రయోగమంతా చెడిపోయిందంటారు. ఆరేళ్ల లెక్కలో మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారంటే ఏ ప్రొఫెసర్ సంతకం పెడతాడు?"

"చెప్పకండి మేడమ్. ప్యాకేజీ గ్రాఫ్ ఉంది, ఆ అంకెను అదే దాచేసింది. ఎవరడుగుతారు?"

"నిజమేలే," అంది కిటికీలోంచి చూస్తూ. ఆ 'నిజమేలే' విన్నాక నాకే ఎందుకో బాధేసింది.

మర్నాడు పొద్దున నేను తాళం తీసేసరికి యోహాను గారు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మొదటి బస్సుకే వచ్చేశాడు. చెప్పులు కిందే విడిచాడు. గదిలోకి వచ్చి పీసీని, నన్ను మార్చి మార్చి చూశాడు.

"పిల్ల నిన్న అన్నం సరిగా తిన్లేదు. నవ్వింది గాని అది నవ్వు కాదు, నేను పెంచినదాన్ని నాకు తెలవదా? నిజం చెప్పు అబ్బాయ్. నేను పీకిచ్చినందుకు దాని చదువు పోద్దా?"

నేను దూదీ స్పిరిటూ అందుకుని డ్రైవు తుడవడం మొదలుపెట్టాను.

"మరి ఈ మిషనుకు చెప్పొచ్చా? తప్పు పిల్లది గాదు, యోహాను అనేవోడు చేశాడని చెప్పు. ఇంటదా? కాయితం మీద ఏలిముద్ర కావాలన్నా ఏత్తా."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పీసీ ఆన్ చేసి, స్ప్రెడ్‌షీట్ తెరిచాను. మిషనుకు చెప్పడం అన్న మాట విన్నాకే నా బుర్ర వెలిగింది. ఎందుకు చెప్పకూడదు? ప్యాకేజీలో అయితే చోటు లేదు. ఇది గళ్ల కాగితం, ఎక్కడ కావాలంటే అక్కడ ఒక వరస చేర్చొచ్చు.

"చెబుదాం. మీరు పీకించేసరికి పూత ఎంత రాలింది?"

"పూతేంది, సగానికి పైగా గింజే రాలింది. చెప్పా గదా, కూలోళ్ల బట్టల నిండా."

'పీకివేత' అని కొత్త వరస పెట్టాను. లెక్క తప్పిన ఆగస్టులో, మేడమ్ చూడని తల్లి మొక్కలు పూసి, సగం గింజ రాల్చాకే పోయాయని రాశాను. ఎన్ని మొక్కలని? అంతకుముందు నెల ఆవిడ లెక్కపెట్టిన పిల్ల మొక్కల్లో, మిగతా ఏళ్లలో లాగే బతకగలిగినన్ని. గళ్లన్నీ ఒక్కసారి కదిలాయి. మొండికేసిన గడి నూరు నుంచి దిగి మిగతావాటి పక్కన బుద్ధిగా కూర్చుంది. దాని తర్వాతి ఏడు లెక్క కూడా, మేడమ్ చేలో లెక్కపెట్టినదానికి దగ్గరగా వచ్చింది. నేను కుర్చీలోంచి లేచి ఎగిరినంత పని చేశాను.

"ఇన్నది మావయ్యా, ఇన్నది!" అన్నాను. ఎప్పుడు 'మావయ్యా' అన్నానో నాకే తెలియదు.

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ముడుచుకున్నాడు. "అంటే అంతమందిని పెట్టి పీకిచ్చినా మళ్లా అన్నే లేచినయ్యా? దండగేనా?"

"దండగే. గింజ నేలలో పడ్డాక పీకారుగా. పూత రాకముందు పీకిస్తే ఏమయ్యేదో చూడండి." పీకివేతను ముందు నెలకు జరిపాను. తర్వాతి ఏడు మొలకలు కుప్పకూలిపోయాయి.

"ఓరి నీ! ఆ ముక్క ముందే చెప్పొద్దా ఇది?"

సాయంత్రం మేడమ్ వచ్చేసరికి మావయ్య ఇంకా అక్కడే ఉన్నాడు. నేను స్క్రీను చూపించాను. ఆవిడ పీకివేత వరస చదివి, కింద గళ్లు చదివి, వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. ఆయన తలొంచుకుని, "మిషనుకు చెప్పామమ్మా. మీ పెద్దసారుకు గూడా నన్నే చెప్పమంటే చెప్తా," అన్నాడు. మేడమ్ ఆయన భుజానికి తలానించి ఏడ్చేసింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "ప్రింట్ తీయి రఫీ. ఉన్నదున్నట్టు రాస్తాను. పోతే పోనీ," అంది.

ప్రొఫెసర్ గారు ముందు కేకలేశారు. ప్రింటు చేతికందాక మెత్తబడి, ఆ పీకివేతకు విడిగా ఒక చాప్టరు రాయమన్నారు. గడువు అంచుల్లో థీసిస్ లోపలికి వెళ్లింది. మరుసటి ఏడు వైవా, అంటే బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అందరి ముందూ ప్రశ్నలడిగే పరీక్ష. ప్రింట్లు మోసుకుని నేనూ వెళ్లాను. మావయ్యనూ రమ్మంటే, "నేనేం మాట్లాడతానో ఏమో," అని లోపలికి రాకుండా వరండాలోనే నిలబడ్డాడు.

పరీక్షకుడు పెద్దాయన. ఆ చాప్టరు దగ్గర ఆగి అద్దాలు సర్దుకున్నాడు.

"దీన్ని మీరే ప్రయోగంగా చేశానని రాసుకుంటే ఇంకా గట్టిగా ఉండేది కదమ్మా? ఎవరికి తెలుస్తుంది?"

"నేను చెయ్యలేదు సార్. నాకు దురదలొస్తాయని మా మేనమామ పీకించాడు. అదే రాశాను."

ఆయన పేజీ వంక చూస్తూ నవ్వాడు. "అందరూ ఇంట్లోవాళ్లను కృతజ్ఞతల పేజీలో పెడతారు. మీరు ఫలితాల్లో పెట్టారు." హాలంతా నవ్వింది. తర్వాత ఆయన అడిగినవన్నీ ఆ చాప్టరు గురించే. తెలుసుకోవాలని అడిగాడు, పడగొట్టాలని కాదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు మిల్లులకు, ఆసుపత్రులకు, ఎరువుల కొట్లకు ఎన్ని సాఫ్ట్‌వేర్లు పెట్టానో. స్పీడెంత, రంగులున్నాయా అని అందరూ అడుగుతారు. నేను మాత్రం కొనేముందు ఒక తప్పుడు అంకె వేసి చూస్తాను. ఎక్కడ తేడా కొట్టిందో చూపిస్తే తీసుకుంటాను, నున్నగా సర్దేస్తే తిరిగిచ్చేస్తాను. దీనికి నన్ను చాదస్తుడన్నారు. అననీ.

ఆ వైవా రోజు ఫలితం చెప్పి మమ్మల్ని పంపేసరికి మధ్యాహ్నం దాటింది. తలుపు తీయగానే వరండా చివరి నుంచి మావయ్య గబగబా వచ్చాడు. పొద్దుటి నుంచీ ఏమీ తిన్నట్టు లేడు.

"అమ్మా, నా వల్ల పోలేదు గదా?"

"నీ వల్లే వచ్చింది మావయ్యా," అంది మేడమ్.